శబరిని రాముడడిగిన ప్రశ్నలు
(చింతూరులో భక్తుల సమక్షమున చేసిన ప్రసంగము)



శబరీ తీరమందలి ఈ చింతూరుకు వచ్చి, ఇచటి పెద్దల యెదుట కూర్చుండి నాలుగు మాటలు చెప్పుకొను భాగ్యము మాకు కలిగినది. ఒడిశా కొండలలో కొలాబు అను పేరుతో పుట్టి, మోటు వద్ద సీలేరును కలుపుకొని, కూనవరమున గోదావరిలో చేరు ఈ నదికి ఆ భక్తురాలి పేరే వచ్చినదని మనవారి విశ్వాసము. కావున నేటి ప్రసంగమునకు శబరి కథనే తీసికొంటిమి. అయితే మేము చెప్పబోవునది పండ్ల కథ కాదు.

ఎంగిలి పండ్ల కథ మన హృదయములలో చిరకాలముగా నిలిచియున్నది. వాల్మీకి అరణ్యకాండలో అది కానరాదు. రామునికొరకు వనములోని ఫలములను సేకరించి యుంచితినని మాత్రము శబరి చెప్పును. తరువాతి భక్తులు తమ ప్రేమకొలది కథను పెంచుకొనిరి, అందు దోషము లేదు. కాని ఆదికవి వ్రాసిన యొక చిన్న ఘట్టమును మనము చూడకయే దాటిపోవుచున్నాము.

సీతను కోల్పోయి, అడవులన్నియు తిరిగి, అలసి వచ్చిన రాజకుమారుడు పంపాతీరమున ఆ ఆశ్రమములో అడుగుపెట్టెను. ఆమె వృద్ధ. సేవించిన గురువులందరు పరమపదించిరి. ఒంటరిగా నున్నది. రాముడు మొదట ఏమి చేసెను? ఆమెను ప్రశ్నలడిగెను. నీ తపస్సునకు విఘ్నములు తొలగినవా, తపస్సు వృద్ధి యగుచున్నదా, కోపము, ఆహారము నియమములో నున్నవా, మనస్సునకు సుఖము కలిగినదా, నీ గురుసేవ ఫలించినదా అని. చూచితిరా! ముదుసలి కనబడగానే మనమందరము అడుగునట్లు మోకాళ్ళ నొప్పి గూర్చి అడుగలేదు. ఆమె ఎందుకొరకు బ్రతికినదో దానిని గూర్చి అడిగెను. పిమ్మట, మీ గురువుల మహిమను వింటిని, నీకు సమ్మతమైనచో కన్నులార చూడగోరుదునని పలికెను. సమ్మతమైనచో అనుటను గమనింపుడు. అప్పుడామె ముందు నడచి, వారి వేదికను, వాడని పూలమాలలను, ఇంకను తడియారని నారచీరలను చూపించినది. ఆ కొంతసేపు ఆమెయే ఆచార్యురాలు, రాముడు వినువాడు.

ఇప్పుడు మా తప్పు ఒకటి చెప్పుకొనవలెను.

మూడేండ్ల క్రిందట కార్తీకమాసమున మేము, మా సేవాబృందము కలిసి మైదాన ప్రాంతమందలి యొక వృద్ధాశ్రమమునకు అన్నదానమునకై వెళ్ళితిమి. పులిహోర, చక్కెర పొంగలి, చిక్కుడుకాయల కూర, లడ్డు. నలుబదిమందిని వరుసగా కూర్చుండబెట్టితిమి. వారిలో నొక ముదుసలిని చూపి, "పదునాల్గవ మంచము, మతి సరిగా లేదు" అని యచటివారు చెప్పిరి. ఆమె పేరేమని మేము అడుగలేదు. ఆమె ఆకును ప్రక్కకు నెట్టి ఏదో భాషలో గొణుగుచుండెను. "తిను మామ్మా, దేవుని ప్రసాదము, కాదనరాదు" అని మేమే ముద్ద కలిపి నోటికందించితిమి. మొగము త్రిప్పుకొన్నది. మరల అందించితిమి. అదే క్షణమున మావారు ఫోటో తీసిరి. పుణ్యము చేసితిమను తృప్తితో బయలుదేరితిమి.

తిరుగు ప్రయాణమున మా బండి నడిపిన కోయ యువకుడు మెల్లగా చెప్పెను. ఆమె కోయభాషలో మాటలాడుచున్నదట. చిక్కుడు పండుగ జరుగలేదు, కొత్తకాయను పెద్దలకు పెట్టకుండ నేనెట్లు తిందును, జావ యున్నచో పోయుడు అనుచున్నదట. ఇచటి కోయ పెద్దలకు మేము చెప్పనక్కరలేదు. కొత్తపంటను ముందుగా వేల్పులకు, పితరులకు సమర్పింపక ముట్టరాదను నియమము మీయందు కలదు. ఆహారము నియమములో నున్నదా అని రాముడడిగిన ప్రశ్నకు ఆ తల్లి వద్ద సమాధానమున్నది. మేము అడుగలేదు. మతిలేని తనమని మేము తలచినది ఆమె ధర్మము. ప్రసాదము పేరిట ఆ ధర్మమును చెరుపబోయినవారము మేము.

ఆ రాత్రి మాకు ఆశ్రమవాస పర్వము జ్ఞప్తికి వచ్చినది. యుద్ధానంతరము ధృతరాష్ట్రుడు పదునైదేండ్లు ధర్మరాజు నీడన బ్రతికెను. ఏ లోటును లేదు. పూర్వము వండిపెట్టిన వంటవారే వండిరి. చెరసాలలోని వారిని ఆ వృద్ధుడు విడిపించినను ధర్మరాజు మాట మాటలాడలేదు. అంతటి చనువు, అంతటి గౌరవము! అయినను భీముడు ఆయన వినునట్లుగా భుజములు చరచుకొని, గ్రుడ్డివాని కొడుకులను కూల్చిన బాహువులివియే అనెను. వృద్ధుడు ఎవరికిని చెప్పక ఆహారము తగ్గించుకొని, నేలపై పరుండి, తుదకు అడవికి పోవుటకు అనుజ్ఞ వేడెను. ఆయన చిక్కిపోవుచున్నాడని ధర్మరాజునకే తెలియదు. ఇంటి యజమాని మంచివాడైనంత మాత్రమున చాలదన్నమాట. అన్నము పెట్టువారి నోటిమాటను కూడ విచారింపవలెను.

మన ప్రాంతమున నర్సింగ్ హోమ్ అనగా ఆసుపత్రియే. ఇంగ్లండులో ఆ పేరు వృద్ధులు నివసించు గృహములకు చెల్లును. అచట బ్రాడ్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున పనిచేసిన టామ్ కిట్‌వుడ్ అను పండితుడు మతిమరపు వ్యాధి గల వృద్ధులను గూర్చి 1997లో నొక గ్రంథము ప్రకటించెను. మెదడు క్షీణించుట ఒక యెత్తు, చుట్టునున్నవారు ఆ మనిషిని మనిషిగా లెక్కింపకపోవుట మరియొక యెత్తు, రెండవదియు ఆ మనిషిని క్రుంగదీయునని ఆయన వాదించెను. పసిపిల్లలతో వలె మాటలాడుట, ఎదుటనే యుండగా లేనట్లు వారిని గూర్చి చెప్పుకొనుట, వారందుకొనలేని వేగమున పనులు ముగించుట. ఇవి పగతో చేయునవి కావు, అలవాటున జరుగునవని కూడ చెప్పెను. చదివినపుడు మా అన్నదానమే ఎవరో చూచి వ్రాసినట్లుండినది. వ్యక్తిని కేంద్రముగా నుంచుకొని చేయు సేవ అని ఆ పద్ధతికి పేరు. పేరు క్రొత్తది, పని మాత్రము శబరి యాశ్రమములో జరిగినదే.

ఇది ఎవరో కొందరి విషయమని తలపవలదు. 2011 జనగణన ప్రకారము మనదేశమున అరువది యేండ్లు నిండినవారు 10 కోట్లకు పైగా నున్నారు. ఆ వయస్సువారిలో నూటికి ఏడుగురికి మించి, అనగా సుమారు 88 లక్షలమందికి, మతిమరపు వ్యాధి యున్నదని 2023లో ప్రకటితమైన పరిశోధన యొకటి అంచనా వేసినది. 2007 నాటి తలిదండ్రుల, వయోవృద్ధుల సంరక్షణ చట్టము ప్రతి జిల్లాలో కనీసము 150 మంది నిరుపేద వృద్ధులకు చాలు ఆశ్రమముండవలెనని చెప్పుచున్నది. వృద్ధులను విడిచిపెట్టినవారికి మూడు నెలలవరకు జైలుశిక్షను కూడ విధించినది. మంచిదే. కాని ఆ మంచముపై పరుండిన మనిషి భాష ఏమి, ఏ వేళ స్నానము చేయుట అలవాటు, ఏ పేరున పిలిచిన పలుకును అనునది చట్టములో దొరకదు.

ఈ చింతూరు ప్రాంతమునకు ఈ మాట మరింత అవసరము. 2022 జులైలో భద్రాచలమున గోదావరి 71 అడుగులు దాటి, శబరి వెనుకకు తన్ని, ఈ మండలములు నీట మునిగినవి. 1986లో నీరు ఎంతవరకు వచ్చినదో ఏ చెట్టు గుర్తుతో చూపగలవారు ముసలివారే గదా! పోలవరము ముంపు గ్రామములలో ఈ మండలపు పల్లెలును కలవు. క్రొత్త కాలనీకి పోయిన కొడుకునకు ఇల్లు దొరకును. ఏ చెట్టు క్రింద వేల్పు ఉన్నదో, ఏ గట్టున పెద్దలు ఉన్నారో, వాటినడుమ డెబ్బదియేండ్లు తిరిగిన తల్లికి దిక్కు తప్పును. అట్టివారు రేపు ఇంటనుండినను, ఆశ్రమమున ఉండినను, వారితో కోయభాషలో పలుకువారొకరు కావలెను. వయస్సుతో జ్ఞాపకము సడలినపుడు నడుమ నేర్చిన భాష ముందుపోయి, తల్లిభాష మిగులుట తరచుగా చూచుచున్నదే. చేతిపని కూడ అట్లే నిలుచును. మనుమని పేరు మరచిన ముదుసలి అడ్డాకుల విస్తరిని తప్పులేకుండ కుట్టగలదు. కుట్టనిండు. వంకరగా వచ్చినను దానిలోనే భోజనము చేయుడు.

ఆశ్రమములలో పనిచేయు ఆయాలను నిందించుట మా ఉద్దేశము కాదు. ఒక్కతె ఇరువదిమందికి నీళ్ళు పోసి, పక్కలు మార్చవలెనన్న ఆమె ఎందరిని ఏమడుగగలదు? ఆమెను గూడ పేరుపెట్టి, అమ్మా అని పిలుచువారుండవలెను. పండుగనాడు వచ్చి పోవు మావంటివారికే తీరిక యెక్కువ. కావున ఇకమీదట మా బృందము సేవకు పోవునపుడు, వంటపాత్రలకు ముందుగా ఇద్దరు వెళ్ళి కూర్చుండి అడుగుట నియమముగా పెట్టుకొంటిమి. ఫోటోలు మానివేసితిమి. మీలో కోయభాష తెలిసిన యువకులు ఎవరైన రాదలచినచో, ప్రసాద వినియోగము పిమ్మట మమ్ము కలిసికొనుడు.

ఆ తల్లి సంగతి చెప్పి ముగింతుము. మరుసటి నెలలో జావ కాచుకొని మరల వెళ్ళితిమి. యువకుడు ఆమె మంచము ప్రక్కన నేలపై కూర్చుండి, "అవ్వా" అని పిలిచి ఆమె భాషలో పేరడిగెను. చెప్పినది. వెంటనే ఆమెయే తిరిగి ప్రశ్నింపసాగినది: నీదే ఊరు, ఏ ఇంటివాడవు, మూడవ గట్టా, నాలుగవ గట్టా అని. గట్టు తెలిసినగాని వరుస తెలియదు గదా. అతడు చెప్పగా, వ్రేళ్ళపై లెక్కవేసి, అతడు తనకు మనుమని వరుస యగునని తేల్చి, లేచి కూర్చుండి జావ త్రాగినది. పిమ్మట మావైపు చూచి, వీరిదే గట్టని అతనిని అడిగినది. మేము మా గోత్రము చెప్పితిమి. అతడు వివరించెను. ఆమె కొంతసేపు ఆలోచించి, అట్టి గట్టు తానెన్నడును వినలేదని, అయినను కూర్చుండుమని చెప్పినది.