రాజకీయ ఖైదీ భార్య

(మహిళా హక్కుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఉక్రెయిన్ చరిత్రకారుడు వలెంతిన్ మొరోజ్ గురించి మాట్లాడమన్నారు. మాట్లాడతాను. అయితే ఆయన భార్య రాయిసాను పక్కన పెట్టి మాట్లాడటం నావల్ల కాదు.

మొరోజ్ 1936లో వొలీన్ ప్రాంతంలోని ఒక పల్లెలో పుట్టాడు. ల్వీవ్ విశ్వవిద్యాలయంలో చరిత్ర చదివి, అధ్యాపకుడయ్యాడు. సోవియట్ వ్యతిరేక ప్రచారం చేశాడని 1965లో అరెస్టు చేసి నాలుగేళ్ల శిక్ష వేశారు. శిబిరంలో ఉంటూనే అక్కడి నిర్బంధం గురించి రాసి బయటికి పంపాడు. 1969లో విడుదలయ్యాక తొమ్మిది నెలలకే మళ్లీ అరెస్టు. ఈసారి నేరం వ్యాసాలు రాయడం! వాటిలో ఒకటి కోస్మాచ్ అనే కొండ ఊరి గురించి. ఆ ఊరి చర్చిలో పవిత్ర చిత్రాలతో నిండిన చెక్క తెర ఉండేది. సినిమా తీయాలని పట్టుకెళ్లినవాళ్లు దాన్ని తిరిగివ్వలేదు. ఒక ఊరి జ్ఞాపకాన్ని అలా ఎత్తుకుపోవడం ఆయనకు చిన్న విషయంగా కనబడలేదు. విచారణ రహస్యంగా జరిగింది. రహస్య విచారణలో సాక్ష్యం చెప్పమని సాక్షులు నిరాకరించారు. అయినా తొమ్మిదేళ్ల ఖైదు, ఆపైన ఐదేళ్ల ప్రవాస శిక్ష పడ్డాయి.

వ్లదీమిర్ జైలు నుంచి శిబిరానికి మార్చమంటూ 1974 జూలై 1న నిరాహారదీక్ష మొదలుపెట్టాడు. గొట్టం వేసి బలవంతంగా ఆహారం ఎక్కించారు. దీక్ష 145 రోజులు సాగింది. నాలుగు గోడల మధ్య జరిగేది బయటి ప్రపంచానికి చేరవేసిన వాళ్లలో రాయిసా ముఖ్యురాలు. చిన్న కొడుకును పెంచుకుంటూ, ములాఖత్‌లకు తిరుగుతూ, విదేశాలకు విజ్ఞప్తులు పంపింది. 1976లో ఆయన్ని మాస్కోలో మానసిక పరీక్షలకు పంపినప్పుడు, పిచ్చివాడని ముద్ర వేస్తారేమోనని మళ్లీ గొంతెత్తింది. ఆమె గ్రీకు మూలాలున్న కుటుంబంలో పుట్టింది. ఉక్రెయిన్ జాతీయవాదం ఆమెకు పుట్టుకతో వచ్చింది కాదు.

మొరోజ్ జాతీయవాదం నాకు మింగుడుపడదు. జాతి సంకల్పం ముందు మనిషి చిన్నబోతాడు అందులో. కానీ రాసినందుకు జైల్లో పెట్టడాన్ని ఖండించడానికి ఆయన రాసిందంతా మనకు నచ్చాలా?

1979 ఏప్రిల్‌లో ఇద్దరు సోవియట్ గూఢచారులకు బదులుగా ఐదుగురు ఖైదీలను న్యూయార్క్‌లో వదిలారు. వాళ్లలో మొరోజ్ ఒకడు. రాయిసా, కొడుకు తర్వాత వెళ్లి చేరారు. కొద్దికాలానికే భార్యాభర్తలు విడిపోయారు. మొరోజ్ తర్వాత ఉక్రెయిన్‌కు తిరిగి వెళ్లి 2019లో ల్వీవ్‌లో చనిపోయాడు. రాయిసా కెనడాలో స్థిరపడి తన జ్ఞాపకాలు రాసుకుంది. 2005లో అచ్చయిన ఆ పుస్తకం పేరు ‘గాలికి ఎదురుగా’. పేరు కింద మరో వరుస ఉంది: ఉక్రెయిన్ రాజకీయ ఖైదీ భార్య జ్ఞాపకాలు. అప్పటికి వాళ్లు విడిపోయి ఇరవై ఏళ్లు దాటింది.