రైతు మనస్సు – లెక్కల సాక్ష్యము

అనంతపురము నుండి గుత్తికి పోవు దారిలో గార్లదిన్నె ఉన్నది. ఆ మండలములోనే పెనకచెర్ల వద్ద పెన్నకు అడ్డముగా కట్టిన జలాశయము కలదు. ఐనను ఎఱ్ఱనేలలలో వేరుసెనగ విత్తు రైతులలో పెక్కుమంది చూపు ఆకాశము మీదనే నిలిచియుండును. జిల్లాలో ఏటి సగటు వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు. అదియైనను పైరు కోరిన నాడు కురియునన్న నమ్మకము లేదు. ఇట్టి రైతును గూర్చి రెండు మాటలు తఱచుగా వినుచుందుము. అతడు పిరికివాడు, కొత్త పద్ధతి అనిన వెనుకాడును అనునది ఒకటి. అతడు జూదరి, ఏటేటా అప్పుచేసి వానతో పందెము కాయును అనునది మఱియొకటి. ఈ రెండు మాటలును ఒకే నోట వెలువడుట కూడ కద్దు.

ఇది ప్రొద్దుపుచ్చు చర్చ కాదు. భయమే కారణమని తలచినవారు ఊరూర ఉపన్యాసములు ఏర్పాటు చేయుదురు. చేత పైకము లేమి కారణమని తలచినవారు విత్తనముల వేళకు అప్పు అందునట్లు చూతురు. ఖర్చు ఎటు పోవలెనో, ఎవరికి మేలు కలుగవలెనో ఈ నిర్ణయముపై ఆధారపడియున్నది. కనుక మనస్తత్త్వ పరిశోధకులు సేకరించిన లెక్కల నుండి ఏమి గ్రహింపవచ్చునో, ఏమి గ్రహింపరాదో మనమును కొంత తెలిసికొనవలసియున్నది.

రైతునే అడిగిన సరిపోదా అని శ్రోతలు అనవచ్చును. ఒక ఉద్యోగి జీపులో వచ్చి, గార్లదిన్నెలో రోడ్డుప్రక్క టీ అంగడి వద్ద ముప్పదిమందిని ప్రశ్నించెననుకొందము. ఆ వేళకు చేనిలో ఉన్నవారు, ఇంటిపనిలో ఉన్న స్త్రీలు, కూలికై బెంగుళూరు పోయినవారు ఆ లెక్కలో చేరరు. చేరినవారైనను, ఈయన అప్పు ఇప్పించుటకు వచ్చెనా, పన్ను వేయుటకు వచ్చెనా అని మనస్సులో తూచుకొనియే బదులు చెప్పుదురు. అది అబద్ధము కాదు, లోకజ్ఞానము. ఐనను కాగితము మీద మాత్రము అది "రైతు స్వభావము" అను పేరుతో ఎక్కును.

ఈ చిక్కును చక్కగా బయటపెట్టిన పరిశోధన ఒకటి మన తెలుగునేలకు సంబంధించినదే కలదు. హైదరాబాదు చెంత పటాన్‌చెరువులో 1972లో ఇక్రిశాట్ అను అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధనాలయము వెలసినది. ఆ సంస్థ గ్రామ పరిశీలనలను ఆధారము చేసికొని హాన్స్ బిన్స్‌వాంగర్ అను ఆర్థికశాస్త్రజ్ఞుడు 240 కుటుంబములలో నష్టభయమును కొలిచి, ఫలితములను 1980లో ప్రచురించెను. మహబూబ్‌నగరు జిల్లా పల్లెలు, మహారాష్ట్రలోని షోలాపురము, అకోలా జిల్లాల పల్లెలు అందు చేరినవి. ఆయన రెండు విధముల కొలిచెను. మొదటిది ఊహాప్రశ్నలు వేసి బదుళ్లు వ్రాసికొనుట. రెండవది నాణెము ఎగురవేయు ఆట. అందు గెలిచిన రూపాయలు నిజముగానే చేతికి వచ్చును. ఆటలో ఎంపిక రైతుదే. ఏది పడినను 50 రూపాయలు ఇచ్చు పందెము ఒకటి, ఒక ప్రక్క పడిన 40, రెండవ ప్రక్క పడిన 120 ఇచ్చునది ఒకటి, ఒక ప్రక్క సున్న, రెండవ ప్రక్క 200 ఇచ్చునది ఇంకొకటి, నడుమ మఱికొన్ని. పెద్ద పందెములలో దొరకు సొమ్ము ఆనాటి కూలివాని నెల సంపాదనను మించినది!

ఊహాప్రశ్నలకు వచ్చిన బదుళ్లలో అడిగినవారి పక్షపాతము చొరబడినట్లు తేలినది. అవి ఆటలో కనబడిన నడవడికతో ఏమాత్రము పొసగలేదు. ఆటలోనైతే, పందెము పెద్దదైనకొలది ఇంచుమించు అందఱును ఒకే తీరున, మితమైన జాగ్రత్తతో మెలగిరి. అనగా జూదరులును కారు, పిరికివారును కారు. ఆస్తి కలవారిలో భయము కొంచెము తక్కువగా కనబడెను గాని, ఆ తేడా కాకతాళీయము కాదని చెప్పుటకు లెక్క చాలలేదు.

ఇచ్చట మనము కొంత ఆగవలెను. "తేడా ఉన్నదని రుజువు కాలేదు" అనుటయు, "తేడా లేదని రుజువైనది" అనుటయు ఒకటి కావు. పోయిన ఎద్దును చీకటిలో వెదకి కానరాలేదన్నవాడు ఎద్దు లేదని చెప్పినట్లు కాదు గదా! పత్రికలలో ఈ రెండింటిని కలిపివేయుట నిత్యము చూచుచున్నాము. ఐనను ఒకటి మాత్రము ధైర్యముగా అనవచ్చును: పేదరైతు కొత్త పెట్టుబడికి వెనుకాడుట అతని పుట్టుగుణము వలననే అను వాదమునకు ఈ లెక్కలు ఆసరా ఈయవు. అతనికి అప్పు పుట్టునా, సరకు అందునా అని చూడవలెను.

మఱి వర్షభీమా సంగతి చూతము. వాన ఇన్ని మిల్లీమీటర్లకు తగ్గిన ఇంత పైకము అను ఒప్పందమును 2003లో మహబూబ్‌నగరు జిల్లాలో అమ్మజూపిరి. భయము ఎక్కువగా ఉన్నవాడే ముందు కొనునని ఎవరైనను అనుకొందురు. గినే, టౌన్‌సెండ్, వికరీ అను పరిశోధకులు 2008లో ప్రకటించిన ఫలితము తలక్రిందులుగా నుండెను. భయస్థులే తక్కువగా కొనిరి. అమ్ము సంస్థను ఎఱుగనివారిలో ఇది మఱింత కనబడెను. ఆలోచించిన వింత లేదు. ముక్కుమొగము తెలియనివారికి ముందుగా రొక్కము కట్టుటయే వారికి నష్టభయము. భీమాను మనము గొడుగనుకొంటిమి. వారికి అది మఱియొక పందెముగా తోచినది.

తరువాత అనంతపురము, మహబూబ్‌నగరు జిల్లాలలో 2006లో చీట్లు వేసినట్లు కుటుంబములను వేఱుచేసి చూచిరి. చీట్ల వలన ఏమి లాభము? తనంత తానై కొన్నవానికిని కొననివానికిని చదువు, ఆస్తి, చుట్టఱికము ఇట్లు నూఱు తేడాలుండును. చీటి ఆ తేడాలను రెండు ప్రక్కలకు సమముగా చెదరగొట్టును. కొందఱికి వారి కాలమునకు బదులుగా 25 రూపాయలు, కొందఱికి 100 ఇచ్చిరి. నూఱు అందినవారు చాల ఎక్కువగా కొనిరి. ఊరెఱిగిన సంస్థ మాటసాయము పనిచేసినది, ఎఱుగనిచోట పనిచేయలేదు. మిల్లీమీటర్ల పాఠము చెప్పినందువలన మాత్రము చెప్పదగిన మార్పు కానరాలేదు.

నూఱు రూపాయలు పుచ్చుకొన్నవాడు మొగమోటముతో కొనియుండరాదా అను ప్రశ్న న్యాయమైనదే. మొగమోటమైనచో కలవారును లేనివారును ఒకే తీరున కొనవలెను. రొక్కపు కొఱతయైనచో లేనివారిలోనే మార్పు ఎక్కువ కనబడవలెను. ఇట్లు రెండు కారణములను ఎదురెదురుగా నిలిపి చూడవలెను. ఆ పరిశోధకులు 2013లో ప్రచురించిన వ్యాసమున నమ్మకపు లేమి, రొక్కపు కొఱత అడ్డుగానున్నట్లు తమ సాక్ష్యము సూచించుచున్నదని మాత్రమే వ్రాసిరి. "సూచించుచున్నది" అను ఆ మాట మాకు నచ్చినది.

ధర తగ్గించినను అందఱును కొందురని తోచలేదని కూడ వారు చెప్పిరి. ఇది రైతు మనస్సులోని లోపమేనా? వానమాపకము ఒకచోట నుండును, చేను కొన్ని మైళ్ల ఆవల నుండును. గార్లదిన్నెలో తడిసిన సాయంకాలము పెనకచెర్ల దిక్కున దుమ్ము లేచుట ఎవరికి తెలియదు? మాపకము తడిసి చేను ఎండిన యేడు కట్టిన సొమ్మును పోవును, పైరును పోవును. వద్దన్న రైతు ఈ లెక్క వేసికొనియే వద్దనెనా అన్నది వానమాపకముల పుస్తకమును, చేల దిగుబడిని ప్రక్కప్రక్కన ఉంచి చూచిన గాని తెలియదు.