ఆట ముగిసిన పిమ్మట

ఏరు దాటి తెప్ప తగులబెట్టినట్లు అను సామెత మనకందరకును తెలిసినదే. ఆటవస్తువుల విషయమున మనము తరచుగా చేయునది ఇదియే. ఆడినంతసేపును ముద్దు, ఆట ముగిసినంతనే మూలకు గెంటుదుము. కొండపల్లి బొమ్మ ఆ నిర్లక్ష్యమును కొంతవరకు సహించును గాని, ఇంజను గల బొమ్మ సహింపదు. ఈ సంగతిని మేము కొంత నష్టపడి నేర్చుకొంటిమి.

2016వ సంవత్సరమున మా బావగారు అమెరికానుండి వచ్చుచు మా చిన్నవానికొక కారు తెచ్చి యిచ్చిరి. అది మూరెడు పొడవున్నది. చేతిలోని పెట్టెనుండి వెలువడు రేడియో తరంగముల ననుసరించి అది మలుపులు తిరుగును. పూర్వమిట్టి కార్లు ఎక్కువగా 27 మెగాహెర్ట్‌జుల తరంగములపై నడచెడివి, ఇప్పటివి 2.4 గిగాహెర్ట్‌జులపై నడచుచున్నవి. కాకినాడలో మా యింటి వెనుకనున్న మైదానమున ఆ వేసవి యంతయు దాని రొదయే. వానలు పడగానే దానిని తుడిచి, అట్టపెట్టెలో నుంచి, అటుకపై పెట్టితిమి. సంక్రాంతి సెలవులకు దింపి త్రాడు లాగగా కదలలేదు. విప్పి చూడగా లోపలి బేరింగులు ఇటుకరంగు తుప్పుతో బిగిసిపోయి యుండెను. చిన్నవాడు నోరెత్తి ఒక్క మాటయు అనలేదు. అదియే మాకు ఎక్కువ బాధ కలిగించినది.

మేము పైపైన తుడిచితిమి గదా! తుప్పెట్లు పట్టినది? ఇంటి దొంగను ఈశ్వరుడైనను పట్టలేడందురు. ఇక్కడి దొంగ ఇంధనమే. ఈ కార్లలో పోయునది పెట్రోలు కాదు. దానిలో అధికభాగము మిథనాలు, సాధారణముగా నూటికి 10 మొదలు 30 పాళ్లు నైట్రోమిథేను, తక్కినది నూనె. ఆ నూనెలో పలుమారు మన ఆముదమే కలియుచుండును. పొగగొట్టమువద్ద నిలిచినచో ఆ వాసన తెలిసిపోవును. నిప్పురవ్వ పుట్టించు ప్లగ్గు ఈ ఇంజనుకు లేదు. దానికి బదులుగా ప్లాటినము కలిసిన సన్నని తీగచుట్ట యొకటి యున్నది. మొదట బ్యాటరీతో దానిని ఎఱ్ఱగా కాల్తురు. పిమ్మట ఇంజనులోని వేడిమివలనను, మిథనాలు ఆవిరి ప్లాటినమును తాకుటవలనను అది తనంతట తానే ఎఱ్ఱగా నుండును. రే ఆర్డెన్ అను అమెరికావాసి 1947 ప్రాంతమున ఈ గ్లోప్లగ్గును ప్రచారములోనికి తెచ్చెను.

మిథనాలునకొక స్వభావము కలదు. అది గాలిలోని తేమను పీల్చుకొనును. ఇంజనులో మిగిలిన నాలుగు చుక్కలు చాలును. అవి తేమను లోపలికి చేర్చి ఉక్కుభాగములను తినివేయును. కాకినాడవంటి సముద్రతీరమున చెప్పవలసిన పనియే లేదు.

కావున ఆట ముగిసిన వెంటనే చేయవలసిన మొదటి పని తొట్టిలోని ఇంధనమును పూర్తిగా తీసివేయుట. తరువాత ఇంజనును మెల్లని వేగముననే నడిపి, గొట్టములలో మిగిలినది కాలిపోయి దానంతట అది ఆగువరకు ఉంచవలెను. ఈ దశలో వేగము పెంచరాదు. ఇంధనముతోపాటు నూనెయు తగ్గిపోవుచుండును గనుక లోపలి భాగములు ఒరసికొనును.

ఇంజను గోరువెచ్చగా నుండగానే గ్లోప్లగ్గును విప్పి, ఆ రంధ్రములోను, కార్బ్యురేటరులోను ఇందులకై అమ్మెడి నూనెను నాలుగైదు చుక్కల చొప్పున వేయవలెను. రంధ్రముపై గుడ్డ కప్పి, త్రాడును కొన్నిసార్లు లాగినచో నూనె బేరింగులవరకు ప్రాకును. మన రైతు బండి ఇరుసునకు కందెన వేయుట వంటిదే ఇది.

పిమ్మట ప్లగ్గు బిగించి, పిస్టను అడుగుభాగమున ఉండునట్లు చక్రమును త్రిప్పి విడువవలెను. ఈ ఇంజనుల సిలిండరు పైభాగమున కొంచెము ఇరుకుగా నుండును. వేడికి సాగిన లోహము చల్లారగనే ముడుచుకొనును. పిస్టను పైన నున్నయెడల దానిని పట్టివేయును.

ఇక పైభాగమును శుభ్రపరచుట. ముందుగా కార్బ్యురేటరు, పొగగొట్టము మూతులను మూయవలెను. ఎండిన మన్నును కుంచెతో దులిపి, జిడ్డును ఆల్కహాలుతో తడిపిన గుడ్డతో తుడువవలెను. నీటిధార క్రింద పెట్టరాదు. రేడియో గ్రాహకమున్న పెట్టెలో నీరు చేరినచో ఏమగునో రేడియో గల యింటివారికి వేఱుగ చెప్పనక్కరలేదు. గాలి వడపోయు స్పంజిని సబ్బునీటిలో కడిగి, నీడన ఆరబెట్టి, దానికి తగిన నూనె పట్టించి పెట్టవలెను. ఆ స్పంజిని దాటిపోయిన ఇసుకరేణువు సిలిండరును గీరివేయును.

చేతిపెట్టెలోని బ్యాటరీలను, కారులోని బ్యాటరీని తీసి వేఱుగా నుంచవలెను. పాత ట్రాన్సిస్టరులో ఘటములు కారి చెడిపోయిన అనుభవము మనలో చాలమందికి ఉండియే యుండును. కారును చక్రములు నేలకానకుండ చిన్న పీటపై నిలిపినచో స్ప్రింగులును టైర్లును బరువు క్రింద నలుగవు.

అన్నింటికంటె ముఖ్యమైనది మిగిలిన ఇంధనము. అది విషము. శరీరములో మిథనాలు ఫార్మిక్ ఆమ్లముగా మారి కంటినరమును దెబ్బతీయును. కొలదిపాటి మోతాదే చూపును, ప్రాణమును కూడ తీయగలదు. దాని మంట పట్టపగలు కంటికి దాదాపు కనబడదు. అట్టిదానిని షర్బతు సీసాలో పోసి వంటింటి గూటిలో పెట్టుటకంటె ఘోరమైన పొరపాటు లేదు. సిగ్గువిడిచి చెప్పుచున్నాము: ఆ వేసవిలో మా యింట జరిగినది సరిగా అదియే. మా అమ్మగారు వాసన పసిగట్టి తీసివేయుటవలన ఆపద తప్పినది. ఇంజను పోయినచో మఱొకటి కొనవచ్చును. ఆ ఇంధనమును అది వచ్చిన డబ్బాలోనే, మూత గట్టిగా బిగించి, నిప్పునకును ఎండకును దూరముగా, పిల్లల చేతికందని తాళము గల అలమరలో నుంచవలెను. తొట్టినుండి తీసినదానిని తిరిగి డబ్బాలో కలుపరాదు. పనియంతయు గాలి ఆడుచోట చేసి, చేతులు సబ్బుతో కడుగుకొనవలెను.

ఈ పనులకన్నిటికిని అరగంటకు మించి పట్టదు. మేము క్రొత్త ఇంజను కొనునప్పుడు చిన్నవానితో ఒక ఒప్పందము చేసికొంటిమి. ఆట గంట అయినచో తుడుచుట అరగంట; ఇంధనమును మాత్రము పెద్దలే ముట్టవలెను. దసరాలలో మన పెద్దలు పనిముట్లను కడిగి, నూనె రాచి, బొట్టు పెట్టుదురు గదా! మా వాడు ఏటేట ఆ కారును కూడ ఆ వరుసలో చేర్చుచున్నాడు. ఆ ఇంజను నేటికిని మొదటి లాగుటలోనే పలుకుచున్నది.