కంప్యూటరులోని వీడియో ఇంటి టీవీలో



కంప్యూటరులో ఉన్న వీడియోను ఇంటిల్లిపాదీ కూర్చుని టీవీలో చూడాలంటే ఏం చెయ్యాలి? ఈ పూట ఆ సంగతే మీతో ముచ్చటిస్తాను. నేను బడిలో పాఠాలు చెప్పుకునేవాణ్ణే గాని ఇంజనీరును కాను. అవసరమే నాకు ఇది నేర్పింది.

ఆ అవసరమేమిటో ముందు చెబుతాను. మాది హోసూరు ప్రాంతం. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, సంతకు పోతే కన్నడం. 1996లో మా అక్క పెళ్లిలో అప్పగింతలప్పుడు మా అవ్వ ఒక పాట పాడింది. అది పెళ్లి వీడియో క్యాసెట్టులో తప్ప ఇంకెక్కడా లేదు. అవ్వకు రాయడం రాదు. ఆమె పోయి ఇరవై ఏళ్లు దాటింది. క్యాసెట్టుకు బూజు పట్టకముందే కంప్యూటరు ఫైలుగా మార్పించాం. తీరా పెన్‌డ్రైవులో వేసి టీవీకి తగిలిస్తే, ఈ ఫార్మాటు పనికిరాదని తెరమీద ఒక్క ముక్క వచ్చి ఊరుకుంది. ల్యాప్‌టాపు చిన్న తెర మా అమ్మ కంటికి ఆనదు. ఆ పాటలోని మాటలకు అర్థం చెప్పగలిగింది ఇంట్లో ఆమె ఒక్కతే.

మొదటి మార్గం పెన్‌డ్రైవే. చాలా టీవీలకు వెనకో, పక్కనో యూఎస్‌బీ రంధ్రం ఉంటుంది. అయితే రెండు చిక్కులున్నాయి. పెన్‌డ్రైవు ఫ్యాట్32 పద్ధతిలో ఉంటే 4 జీబీకి మించిన ఒక్క ఫైలు అందులో పట్టదు. రెండోది, వీడియో ఫైలు ఒక పెట్టె లాంటిది. ఎంపీ4, ఎంకేవీ, ఏవీఐ అన్నవి పెట్టెల రకాలు. లోపల బొమ్మను, శబ్దాన్ని మడిచిన తీరు వేరు, దానిని కోడెక్ అంటారు. ఆ మడత విప్పడం టీవీకి తెలియకపోతే బొమ్మ రాదు. ఒక్కోసారి బొమ్మ వచ్చి శబ్దం రాదు. దీనికి హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఉంది. అందులో ఎంపీ4 పెట్టె, బొమ్మకు హెచ్.264, శబ్దానికి ఏఏసీ ఎంచుకుంటే ఎక్కువ టీవీలు ఒప్పుకుంటాయి. అసలు ఫైలును మాత్రం చెరపకండి.

రెండో మార్గం హెచ్‌డీఎంఐ తీగ. ఒక కొస ల్యాప్‌టాపుకు, రెండో కొస టీవీకి. రిమోట్‌లో సోర్స్ నొక్కి, తీగ పెట్టిన హెచ్‌డీఎంఐని ఎంచుకోండి. కంప్యూటరులో విండోస్ మీటతో పాటు పి నొక్కి, డూప్లికేట్ అన్నది ఎంచుకోండి. ఇక్కడ ఫైలును విప్పేది కంప్యూటరే కనుక టీవీకి ఆ బాధ లేదు. వీఎల్‌సీ అనే ఉచిత ప్లేయరు దాదాపు అన్ని రకాల ఫైళ్లనూ ఆడిస్తుంది. శబ్దం ఇంకా ల్యాప్‌టాపులోనే వస్తుంటే, సౌండ్ సెట్టింగులో టీవీ పేరు ఎంచుకోండి. పాత వీజీఏ తీగలో బొమ్మే వస్తుంది, శబ్దానికి వేరే తీగ కావాలి.

మీ ఇంట్లో ఇంకా పాత డబ్బా టీవీయే ఉందా? దానికి పసుపు, తెలుపు, ఎరుపు రంధ్రాలుంటే చాలు. హెచ్‌డీఎంఐ నుంచి ఏవీకి మార్చే చిన్న పెట్టె దొరుకుతుంది. అంగడిలో అడిగేటప్పుడు జాగ్రత్త. ఏవీ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చేది వేరే పెట్టె, అది ఈ పనికి రాదు.

తీగ లేకుండా కూడా చూడవచ్చు. టీవీలో మిరాకాస్ట్ సదుపాయం ఉంటే, విండోస్ మీటతో కె నొక్కితే టీవీ పేరు కనబడుతుంది. కాని బొమ్మ ఆగి ఆగి వస్తే మళ్లీ తీగే నయం.

ఆ రాత్రి మేం తీగతోనే చూశాం. హాలులో పెద్ద తెరమీద అవ్వ కనబడగానే అమ్మ ముందుకు జరిగి కూర్చుంది. పాట మధ్యలో మా అమ్మాయి, “అరణం అంటే ఏమవ్వా?” అని అడిగింది. ఆడబిడ్డకు పుట్టింటివాళ్లు పెట్టి పంపేదని చెప్పి, తనకేమేమి పెట్టారో అమ్మ వరసగా చెప్పుకొచ్చింది. మా అమ్మాయి తెలుగు మాట్లాడుతుంది, చదవలేదు. ఆ మాట ఏ పుస్తకంలోనూ ఆమెకు దొరికేది కాదు.

జపానుకు చెందిన ఫునాయ్ కంపెనీ 2016లో వీసీఆర్ల తయారీ ఆపేసింది. ఉన్న యంత్రాలు ఒక్కటొక్కటే మూలపడుతున్నాయి. మీ ఇంటి బీరువాలోనూ ఇటువంటి క్యాసెట్టు ఉండవచ్చు. దాన్ని ఇప్పుడే ఫైలుగా మార్పించండి, రెండు చోట్ల దాచండి. అర్థం చెప్పే పెద్దలు ఇంట్లో ఉండగానే, వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని టీవీలో చూడండి.