వేలిముద్రలు 1,948
(ఎల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం, భద్రాచలం)



సుబ్బారావు గారి పేరు మీద మాట్లాడేది ఎవరో పెద్ద డాక్టరై ఉంటారనుకొని వచ్చి ఉంటారు. నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. నా ఉద్యోగమంతా ఈ ఏజెన్సీలోనే, మైక్రోస్కోపు ముందు మెడ వంచుకొనే గడిచిపోయింది.

సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టారు. స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన అన్నదమ్ములను పొట్టన పెట్టుకుంది. తర్వాత అమెరికాలో లెడర్లీ కంపెనీలో ఉండగా ఆయన బృందం తయారుచేసిన ఫోలిక్ ఆమ్లం ఆ స్ప్రూకీ, ఒక రకం రక్తహీనతకీ మందయింది. చూడ్డానికి ఫోలిక్ ఆమ్లంలాగే ఉండి, దాని పని మాత్రం సాగనివ్వని అమినోప్టెరిన్ కూడా అక్కణ్ణుంచే వచ్చింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని లుకేమియా పిల్లలకిచ్చి చూశాడు. 16 మందిలో 10 మందికి జబ్బు కొన్నాళ్ళు తగ్గుముఖం పట్టింది. ఆ వ్యాసం 1948 జూన్‌లో అచ్చయింది, ఆగస్టులో సుబ్బారావు గారు పోయారు. బోదకాలు రాకుండా మీ చేత మింగిస్తారే డీఈసీ మాత్రలు, వాటి మందు కూడా ఆయన ప్రయోగశాలదే. క్యాన్సరు, రక్తం జబ్బు, అంటురోగం మూడింటి మీదా ఆ ఒక్క మనిషి చెయ్యి పడింది.

ఇక మన సంగతికొస్తాను. జ్వరమొచ్చిన మనిషి వేలు పొడిచి, స్లైడు మీద రక్తం పూసి, పెన్సిలుతో నంబరు రాసి, స్టెయిన్‌లో ముంచి, కడిగి, ఆరబెట్టి చూస్తే ఎర్రకణంలో సన్నటి ఉంగరం కనపడేది. ఫాల్సిపారం మలేరియా. నా లెక్కలో కొన్ని వేల స్లైడులు. ఆ వేలల్లో నేను అడిగింది ఒక్కటే మాట: "వేలియ్యమ్మా." ఎందుకో చెప్పలేదు, ఏం తేలిందో అందరికీ చెప్పలేదు. కోయ ఇళ్ళల్లో నా తెలుగు సగమే ఎక్కేది. నా కోయ భాష "జ్వరమా?" అనేదాకానే. అప్పుడది తప్పని తోచనే లేదు. మందు మంచిదే కదా, ఇంక అడిగేదేముంది అనుకొనేవాణ్ణి.

2009 జులైలో ఇదే ధోరణి పెద్ద ఎత్తున సాగింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు హెచ్‌పీవీ అనే వైరస్ కారణమని కనిపెట్టినందుకు అంతకు ముందు ఏడే హరాల్డ్ జుర్ హౌసెన్‌కు నోబెల్ వచ్చింది. పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి అప్పటి ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకు ఆ వైరస్‌ను అడ్డుకొనే గార్డసిల్ టీకా మొదలుపెట్టాయి. మూడు డోసులు, సుమారు 14 వేల మంది. వాళ్ళలో చాలామంది ఆశ్రమ పాఠశాలల పిల్లలు. అమ్మానాన్నలు ఊళ్ళో, పిల్ల హాస్టల్లో.

ఇదే కార్యక్రమం నడిచిన గుజరాత్‌తో కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు. 2010 ఏప్రిల్‌లో కేంద్రం అంతా ఆపేసింది. విచారణలో తేలిన కారణాలు పాముకాటు, నీట మునక, పురుగుమందు, మలేరియా వంటివి. టీకా వల్ల పోయారనడానికి ఆధారం దొరకలేదు. "మా పిల్లల్ని ఎలుకల్ని చేశారు" అని ఊరేగింపులు తీసినవాళ్ళు ఈ మాట ఒప్పుకోరు. టీకా వాళ్ళేమో రెండో మాట ఒప్పుకోరు. ఆ రెండో మాట 2013 ఆగస్టు నాటి పార్లమెంటు స్థాయీసంఘం నివేదికలో ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద సంతకం హాస్టలు వార్డెన్లది. 1,948 మీద వేలిముద్రలు.

1,948. సుబ్బారావు గారు పోయిన సంవత్సరమూ అదే. కాకతాళీయమేలెండి, కానీ ఆ అంకె చూసినప్పుడల్లా నేను ఇంకుప్యాడ్ మీద బొటనవేలు నొక్కి పట్టుకొనే చెయ్యి ఎవరిదా అని ఆలోచిస్తాను. వేలిముద్ర వేసిన తల్లిని తప్పుపట్టను. కాగితంలో ఏముందో ఆమెకు ఆమె భాషలో చదివి వినిపించిందెవరు అన్నదే నా ప్రశ్న. ఈ గొడవలోంచే పుట్టిన కేసులో, పార్లమెంటు కమిటీ నివేదికలను కోర్టులు చూడొచ్చని 2018లో రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. లా చదివేవాళ్ళకు అది పాఠం. మాకు మాత్రం ఇంకోటి.

ఏమిటంటే, ఖమ్మంలో టీకాలు వేస్తున్న రోజుల్లోనే మన దేశంలో వేరే చోట్ల, హెచ్‌పీవీ టీకా రెండు డోసులు చాలా, మూడు కావాలా అని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఒక అధ్యయనం నడుపుతోంది. ఖమ్మం గొడవతో అదీ ఆగింది. 4,950 మంది పిల్లలకు ఒక్క డోసే పడి మిగతాది ఉండిపోయింది. పదేళ్ళు వాళ్ళను గమనిస్తూ పోతే ఆ ఒక్క డోసూ గట్టిగా కాపాడుతోందని తేలింది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క డోసూ చాలునంది. ప్రపంచానికి చవకగా టీకా దొరికే దారి మన పొరపాటులోంచి పడింది. మన పిల్లలకు మాత్రం ఆ టీకా ఏళ్ళ తరబడి అందలేదు, అడగకుండా వేసిన పాపానికి.

ఇప్పుడు మన ఏజెన్సీలో కొడవలి కణాల రక్తజబ్బుకు పరీక్షలు జరుగుతున్నాయి. 2023 జులై 1న జాతీయ మిషన్‌ని ప్రారంభించారు. మలేరియా దట్టంగా ఉన్నచోటే ఈ జబ్బు తెచ్చే జన్యువు నిలిచింది. ఒక్క కాపీ ఉన్నవాళ్ళను మలేరియా అంతగా దెబ్బతీయలేదు మరి. తల్లిదండ్రులిద్దరికీ చెరో కాపీ ఉంటే మాత్రం ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బొచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. అందుకే కార్డు ఇస్తారు, పెళ్ళికి ముందు చూసుకొమ్మని.

ఈ మధ్య ఒక ఆశ్రమ పాఠశాలలో ఆ పరీక్ష చూడ్డానికి వెళ్ళాను. ఒక పిల్ల వేలు చాపి, టక్కున వెనక్కి తీసుకుంది. "ఈ కార్డు ఎవరి దగ్గరుంటది, అక్కా? మావోళ్ళకి చూపించాల్నా?" అంది. నర్సమ్మ చేతిలో విప్పిన లాన్సెట్టు. వెనక వరసలో అరవై మంది. వార్డెను గారు గడియారం చూస్తున్నారు. నర్సమ్మ లాన్సెట్టు ట్రేలో పెట్టి, స్టూలు దగ్గరికి జరుపుకొని కూర్చుంది. కోయ తెలిసిన పెద్దపిల్లనొకర్తిని పిలిచింది. ఆ రోజు పన్నెండు మందికే పరీక్ష అయింది.