పుట్టీ కింద రేకు
(విద్యార్థి ఉపకార వేతనాల ప్రదాన సభలో చేసిన ప్రసంగ పాఠం)



బ్యాంకు ఉద్యోగాలకు ఎలా తయారు కావాలో చెప్పమని కార్యదర్శిగారు నన్ను అడిగారు. ముప్పై ఎనిమిదేళ్లు బ్యాంకులో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి కనుక అలా అడగడం సబబే. కాని నేను రాసిన పరీక్ష 1981 నాటిది. ఇప్పటి పరీక్షల సంగతి నాకంటే మీకే బాగా తెలుసు. అందుకని వారి అనుమతితో, రిటైరయ్యాక నేను దగ్గరుండి నేర్చుకున్న ఒక పని గురించి చెబుతాను. పాత కారు బాడీని రేకు కనబడేదాకా ఒలిచి, మళ్లీ నిలబెట్టడం. ఈ సభలో ఈ కబురేమిటని అనుకోకండి. చివర్లో ట్రస్టు పెద్దలకు ఒక విన్నపం ఉంది. దానికీ దీనికీ సంబంధం ఉంది.

ఆ కారు మా బావగారిది. 1971 నాటి ఫియట్ 1100 డిలైట్. బొంబాయి కుర్లాలోని ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారు 1964లో ఈ 1100 డి తయారీ మొదలుపెట్టారు. 1974 నుంచి అదే కారు ప్రీమియర్ పద్మిని అయింది. నలుపు, పసుపు రంగుల బొంబాయి టాక్సీ అంటే మీలో పెద్దవారికి వెంటనే కళ్లముందు కదులుతుంది. ఆ పద్మిని టాక్సీల కాలం 2023 అక్టోబరుతో ముగిసింది.

బావగారు పోయాక కారు షెడ్డులోనే ఉండిపోయింది. 2015 డిసెంబరులో చెన్నైకి వరద వచ్చినప్పుడు రెండు రోజులు నీళ్లలో నిలబడింది. "పాత ఇనుము కింద అమ్మేయమంటావా, నువ్వు తీసుకెళ్తావా తమ్ముడూ?" అని అక్కయ్య అడిగితే, 2019లో రిటైరయ్యాక తెచ్చుకున్నాను.

మా నాయన టింకర్. ఈ మాట పిల్లలకు తెలియకపోవచ్చు. దెబ్బతిన్న బండి రేకును సుత్తితో సరిచేసేవారిని మన వైపు టింకర్ అంటారు. నాయన దగ్గర పని నేర్చుకున్న మేస్త్రీ ఒకాయన డెబ్భై దాటినా ఇంకా పుదుప్పేట పక్కన చిన్న షెడ్డు నడుపుతున్నారు. ఆయన్ని నేను అన్నా అని పిలుస్తాను. బండి చూసి ఆయన ఒకే షరతు పెట్టారు. "తమ్ముడూ, పైపైన రంగు కొట్టాలంటే నేనెందుకు? రేకు కనబడేదాకా ఒలుస్తానంటే చెప్పు, వస్తా."

మొదట ఇంజను, సీట్లు, అద్దాలు, వైర్లు, తలుపులు అన్నీ విప్పాం. ప్రతి బోల్టునూ సంచిలో వేసి చీటీ కట్టి, లెడ్జర్‌లో రాసే పని నాది. తలుపులు విప్పకముందే, తలుపుకూ బాడీకీ మధ్య సందు ఎక్కడ ఎంత ఉందో అన్న కొలిపించారు. ఎందుకో నాకు తర్వాత అర్థమైంది.

ఆ తర్వాత ఒక చిన్న అయస్కాంతం తెచ్చి నా చేతికిచ్చారు. బాడీ అంతటా పెట్టి చూడమన్నారు. రేకు మీద రంగు మాత్రమే ఉన్నచోట అది గట్టిగా అంటుకుంటుంది. లోపల పుట్టీ మందంగా ఉంటే జారిపోతుంది. కుడివైపు ముందు మడ్‌గార్డు మీద అది నిలబడనే లేదు. పైకి చూస్తే నున్నగా, మెరుస్తూ ఉన్న మడ్‌గార్డు అదే.

రంగు ఒలవడానికి ఇసుకను గాలితో కొట్టే యంత్రాలున్నాయి. కాని పైకప్పు, బానెట్టు వంటి వెడల్పైన పలుచని రేకుల మీద దాన్ని బలంగా వాడితే రేకు వంకర తిరుగుతుంది. అందుకని రసాయనం పూసి, రంగు ఉబ్బాక గీకి, మిగిలినది ఉప్పుకాగితంతో రుద్దాం. మూడు వారాలు పట్టింది. అప్పుడు ఆ బండి అసలు స్వరూపం బయటపడింది.

కుడివైపు మడ్‌గార్డును ఎప్పుడో ఒక వర్క్‌షాపులో బాగుచేయించారు. సొట్టను తీయకుండా వేలెడు మందాన పుట్టీ నింపి, పైన రంగు వేశారు. పుట్టీ తేమను పీలుస్తుంది. ఆ తేమకు కింద రేకు జల్లెడ అయిపోయింది. కామర్సు విద్యార్థులకు తెలిసేలా చెప్పాలంటే అది సస్పెన్స్ ఖాతా. లెక్క తేలని మొత్తాన్ని తాత్కాలికంగా అందులో వేస్తాం. తర్వాత తేల్చకుండా వదిలేస్తే, పైకి పుస్తకం సరిపోయినట్టే కనిపిస్తుంది.

ఎడమవైపు వెనక మడ్‌గార్డు సంగతి వేరు. 1984లో ఒక లారీ దాన్ని రాసుకుపోతే మా నాయనే బాగుచేశారు. రంగు పోయాక అక్కడ అతుకు గీత కనబడింది. చిరిగినంత మేర కోసి, అంతే మందం రేకును అంచుకు అంచు కలిపి అతికారు. చుట్టూ సుత్తి గుర్తులు వరుసగా, దగ్గరదగ్గరగా ఉన్నాయి. పుట్టీ పైపూతగా తప్ప లేదు. ముప్పై ఆరేళ్లయినా, వరదనీళ్లలో నానినా, ఆ అతుకు దగ్గర తుప్పు లేదు. అన్న దాని మీద గుడ్డ వేసి, గుడ్డ మీద అరచేయి పెట్టి మెల్లగా జరిపారు. ఎత్తుపల్లాలు కంటికంటే చేతికే బాగా తెలుస్తాయట. "దీన్ని ముట్టుకోవద్దు, ఇది మేస్త్రీ చేసింది" అన్నారు. నేను అవతలికి వెళ్లి కాసేపు నిలబడ్డాను.

ఎందుకో చెబుతాను. 1977లో బి.కాం.లో చేరినప్పుడు నేనూ ఇలాంటి సహాయం కోసమే దరఖాస్తు పెట్టుకున్నాను. తండ్రి వృత్తి అన్నచోట "వ్యాపారం" అని రాశాను. టింకర్ అని రాయడానికి సిగ్గేసింది. సంతకానికి ఇస్తే నాయన కూడబలుక్కుంటూ చదివారు. "ఏం వ్యాపారంరా మనది?" అన్నారు. నేను బదులు చెప్పలేదు. ఆయన సంతకం పెట్టి ఇచ్చేశారు. ఆ సహాయం నాకు రాలేదు. వ్యాపారస్తుల పిల్లవాడికి ఎందుకులే అనుకున్నారేమో. ఆ ఏడాది ఫీజు నాయన రాత్రిపూట కూడా పనిచేసి కట్టారు. ఈ సంగతి నేను ఆయన బతికుండగా ఎన్నడూ ఎత్తలేదు. ఆయనా ఎత్తలేదు.

మళ్లీ బండి దగ్గరికి వద్దాం. ఫియట్ 1100లో కింద ఛాసిస్, పైన బాడీ అని రెండు ఉండవు. బాడీయే ఎముకల గూడు. తలుపుల కింద ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా పోయే రేకు పెట్టెలు బరువు మోస్తాయి. వరద బురద వాటిలో చేరి, నీరుకారే రంధ్రాలు పూడుకుపోయి, లోపలి నుంచి తుప్పు తినేసింది. వాటిని కోసి కొత్తవి పెట్టాలి. ఊరికే కోస్తే బాడీ మధ్యలో కుంగిపోతుంది, ఇక తలుపులు పట్టవు. అందుకని తలుపు ఖాళీల్లో అడ్డంగా, ఏటవాలుగా ఇనుప కడ్డీలు తాత్కాలికంగా అతికి, ఒకవైపు పని పూర్తిచేసి కొలతలు సరిచూశాకే రెండో వైపు కోశారు. మొదట రాయించిన సందుల కొలతలు అప్పుడు పనికొచ్చాయి.

వెల్డింగ్ కూడా ఒక్క గీతగా లాగరు. ఇక్కడొక చుక్క, జానెడు అవతల ఒక చుక్క పెట్టి, చల్లారనిచ్చి, మధ్యలో మళ్లీ పెడతారు. వేడంతా ఒకచోట చేరితే రేకు ముడుచుకుపోతుంది. చెన్నై గాలిలో తేమా, ఉప్పూ రెండూ ఉన్నాయి. శుభ్రం చేసిన రేకును రాత్రి వదిలేస్తే తెల్లారేసరికి ఎర్రబారుతుంది. ఉత్త చేత్తో ముట్టుకుంటే చెమటలోని ఉప్పుకు వేలిముద్రలు తుప్పుగా తేలుతాయి. అందుకని ఏ రోజు శుభ్రం చేసిన భాగానికి ఆ రోజే ఎపాక్సీ ప్రైమర్ వేశాం. పెట్టెల లోపలికి మైనం పట్టించాం. కోవిడ్ రోజుల ఆటంకాలతో కలిపి మొత్తం పని 2022 దాకా సాగింది.

తల్లిదండ్రులకు ఒక మాట. ఈ పని గొప్పది కనుక మీ పిల్లల్ని ఇందులో పెట్టండని నేను అనడం లేదు. దాని కష్టం మా ఇంట్లో చూశాను. పాత కార్ల అతుకుల్లో సీసం వాడేవారు, దాన్ని రుద్దితే వచ్చే ధూళి విషం. ఇప్పటి రంగుల్లో కలిపే హార్డ్‌నర్లలోని ఐసోసైనేట్ల వల్ల ఉబ్బసం రావచ్చు. మా నాయన ముక్కుకు తువ్వాలు కట్టుకొని పనిచేశారు, చివరి పదేళ్లు దగ్గుతో గడిపారు. ఏ ధూళికి ఏ మాస్కు పెట్టుకోవాలో ఆయనకు చెప్పినవారు లేరు. సరిగ్గా అందుకే ఈ పనికి చదువు కావాలంటున్నాను. ఐటీఐలో వెల్డర్, షీట్ మెటల్ వర్కర్ కోర్సులు ఏడాదివి. ఆటో బాడీ రిపేరుకే ప్రత్యేకంగా ఒక కోర్సు ఉంది. అక్కడ సుత్తితోపాటు కొలత, జాగ్రత్త, సర్టిఫికెట్టు మూడూ దొరుకుతాయి.

ఇక నా విన్నపం. నిరుడు మన ట్రస్టుకు ఒక కుర్రాడి దరఖాస్తు వచ్చింది. వెల్డర్ కోర్సులో చేరాడు. వేతనాలు డిగ్రీ చదువులకే అన్న నియమం చూపించి దాన్ని పక్కన పెట్టాం. పెట్టినవారిలో నేనూ ఒకణ్ణి. నాయన అతుకు చూసి వచ్చిన తర్వాత కూడా, సమావేశంలో నోరు తెరవలేదు. నియమం నియమమే అనుకున్నాను. అది నా తప్పు. వచ్చే ఏడాది నుంచి ఐటీఐ విద్యార్థులను కూడా అర్హులుగా చేర్చాలని కోరుతున్నాను. మొదటి రెండు వేతనాలకు సొమ్ము నా పెన్షన్ నుంచి ఇస్తాను. దానికి ఎవరి పేరూ పెట్టనక్కరలేదు. నిరుటి కుర్రాడికి మాత్రం మనమే ఉత్తరం రాయాలి.

విద్యార్థులారా, దరఖాస్తులు చదివేవాణ్ణి కనుక చెబుతున్నాను. తండ్రి వృత్తి, తల్లి వృత్తి అన్నచోట కొందరు ఖాళీ వదిలేస్తున్నారు, కొందరు "ప్రైవేటు ఉద్యోగం" అని రాస్తున్నారు. ఆ గడి చూస్తే నాకు నా అక్షరాలే కనబడతాయి. మీ అమ్మానాన్నలు చేసే పని ఏదో అదే రాయండి. రాసి, సంతకానికి వారి చేతికి ఇవ్వండి. వారు దాన్ని చదువుతారు.