పత్తిలో పురుగు: బీటీ బలమెంత, వేప బలమెంత



బీటీ పత్తికి మన దేశంలో 2002లో అనుమతి వచ్చింది. నేలలో ఉండే ఒక బాక్టీరియా జన్యువును ఆ విత్తనంలో చేర్చారు. ఆకో కాయో కొరికిన గొంగళిపురుగు పేగుకు చిల్లులు పడతాయి, తిండి మానేసి చస్తుంది. శనగపచ్చ పురుగు అలాగే చాలావరకు అదుపులోకి వచ్చింది. పచ్చదోమ, తెల్లదోమ లాంటి రసం పీల్చే పురుగుల మీద మాత్రం దానికి పట్టు లేదు. 2006లో రెండు జన్యువుల విత్తనం వచ్చినా, కొన్నేళ్లకే గులాబీ రంగు పురుగు దాన్నీ తట్టుకుంది. అప్పట్లో చేను చుట్టూ బీటీ కాని పత్తి వేయమన్నది ఈ తట్టుకునే గుణం త్వరగా రాకూడదనే. 

ఇక వేప కషాయం. 5 కిలోల వేపగింజల పొడిని బట్టలో మూటగట్టి రాత్రంతా నీళ్లలో నానబెట్టండి. పొద్దున బాగా పిండి వడగట్టి, కొంచెం సబ్బుపొడి కలిపి, మొత్తం 100 లీటర్లు చేయండి. ఎండకు దీని గుణం తగ్గిపోతుంది కాబట్టి సాయంత్రమే కొట్టాలి. ఇది పురుగును తిననివ్వదు, ఎదగనివ్వదు. అందుకే గుడ్లు, పిల్ల పురుగులు కనిపించగానే వాడాలి. కాయలోకి దూరిన పురుగును ఇది చేరలేదు.

పాల్వంచ దగ్గరి పునుకుల రైతులు పత్తి, మిరపలో ఇలాంటి పద్ధతులే నమ్మి పురుగుమందులు మానేశారు. గులాబీ పురుగుకైతే లింగాకర్షక బుట్టలు పెట్టండి, గుడ్డిపూలు ఏరేయండి, చివరి ఏరుడు కాగానే కట్టె తీసేయండి.